ప్రయోగశాల జంతువులు: సామూహిక వసతి, సంక్షేమం

9.1 పరిచయం

ప్రయోగశాల జంతువుల సంక్షేమం అనగానే మేత, నీరు, శుభ్రత గుర్తుకువస్తాయి. ఇవన్నీ సక్రమంగా ఉన్నా ఒక లోటు మిగిలిపోవచ్చు. అది తోటి జంతువు తోడు. ఈ లోటు జంతువుతో పాటు ప్రయోగ ఫలితాన్ని కూడా ఎలా దెబ్బతీస్తుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

9.2 ఒంటరితనం ప్రభావం

ఎలుకలు, చిట్టెలుకలు, గినీపిగ్‌లు, కుందేళ్లు, కుక్కలు, రీసస్ కోతులు స్వభావరీత్యా తోటి జంతువులతో కలిసి జీవిస్తాయి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో 1950, 1960 దశకాలలో రీసస్ కోతి పిల్లలపై ప్రయోగాలు చేశాడు. నెలల తరబడి పూర్తి ఏకాంతంలో పెరిగిన పిల్లలకు ఆహారం కొరత లేదు. అయినా అవి తమను తామే కౌగిలించుకుని ఊగేవి, తమ ఒంటినే కొరుక్కునేవి. తర్వాత తోటి కోతులతో సరిగా మెలగలేకపోయాయి. ఈ ప్రయోగాల క్రూరత్వంపై నేటికీ తీవ్ర విమర్శలున్నాయి.

ఒంటరితనం శరీరధర్మాలను కూడా మారుస్తుంది. చిట్టెలుకలను ఉంచే గది ఉష్ణోగ్రత సాధారణంగా 20-24 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఇది మనకు హాయిగా ఉన్నా చిట్టెలుకకు చలే. దానికి అనుకూలమైనది సుమారు 30 డిగ్రీలు. గుంపులోని చిట్టెలుకలు ఒకదానికొకటి ఒదిగి పడుకుని వేడిని కాపాడుకుంటాయి. ఒంటరి చిట్టెలుక అదే వేడి కోసం ఎక్కువ శక్తిని ఖర్చుచేయాలి.

ఇప్పుడు ఒక మందు శరీర బరువుపై చూపే ప్రభావాన్ని పరీక్షిస్తున్నామనుకోండి. మందు ఇచ్చిన చిట్టెలుకలను విడివిడిగా, ఇవ్వనివాటిని గుంపుగా ఉంచితే, కనిపించిన తేడా మందు వల్ల వచ్చిందా, ఒంటరితనం వల్ల వచ్చిందా? చెప్పలేం. రెండు వర్గాలనూ ఒంటరిగా ఉంచితే పోలిక కుదురుతుంది. కానీ ఆ ఫలితం చలికి ఓర్చుకుంటున్న ఒంటరి చిట్టెలుకకు సంబంధించినదే అవుతుంది.

9.3 కలిపి ఉంచడంలో జాగ్రత్తలు

ఏవో రెండు జంతువులను ఒకే పంజరంలో వేసినంత మాత్రాన సామూహిక వసతి కాదు. అవి ఒకదానితో ఒకటి పొసగాలి.

అ) ఎదిగిన మగ చిట్టెలుకలను కొత్తగా కలిపితే గాయాలయ్యేలా పోట్లాడుకోవచ్చు. పాలు మాన్పించే సమయంలో, అంటే సుమారు 21 రోజుల వయసులో, జట్టు కట్టించి, ఆ జట్టును చెదరగొట్టకపోవడం మేలు.

ఆ) పంజరం మార్చేటప్పుడు పాత గూటి సామగ్రిని కొంత కొత్త పంజరంలోకి చేరిస్తే, పరిచితమైన వాసన వల్ల పోట్లాట తగ్గుతుంది.

ఇ) ఎదిగిన సిరియన్ హామ్‌స్టర్ స్వభావరీత్యా ఒంటరి జీవి. దానికి విడి పంజరమే సంక్షేమం.

9.4 నియమాలు, సూత్రాలు

మన దేశంలో జంతువులపై ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీకి 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోని 15వ సెక్షన్ ఆధారం. 1998 నియమాల ప్రకారం ప్రయోగ ప్రతిపాదనలను సంస్థాగత జంతు నైతిక సంఘం పరిశీలించాలి. ఐరోపా సమాఖ్య 2010లో జారీచేసిన ఆదేశం, స్వభావరీత్యా ఒంటరి జంతువులను మినహాయించి, మిగిలినవాటిని పొసిగే తోడుతో ఉంచాలంటుంది. విడిగా ఉంచక తప్పనప్పుడు ఆ కాలాన్ని వీలైనంత తగ్గించాలి. చూపు, శబ్దం, వాసన లేదా స్పర్శ ద్వారా తోటి జంతువులతో సంబంధం నిలపాలి.

రస్సెల్, బర్చ్ 1959లో ప్రతిపాదించిన మూడు సూత్రాలు ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల. సామూహిక వసతి మూడవదానికి చెందుతుంది. అయితే వసతి లోపం వల్ల ప్రయోగాన్ని మళ్లీ చేయవలసివస్తే మరికొన్ని జంతువులు బలవుతాయి. అప్పుడు రెండవ సూత్రమూ దెబ్బతింటుంది. కాబట్టి "ఈ జంతువును ఎందుకు ఒంటరిగా ఉంచాలి?" అనే ప్రశ్నకు పరిశోధకుడు ముందుగానే జవాబు సిద్ధం చేసుకోవాలి. పంజరం ఖాళీగా ఉండటం, పని సులువు కావడం సరైన జవాబులు కావు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చిట్టెలుకను ఒంటరిగా ఉంచితే ప్రయోగ ఫలితం ఎలా మారవచ్చు?
2. సిరియన్ హామ్‌స్టర్‌కు విడి పంజరం ఎందుకు అవసరం?