యంత్రము వ్రాయు చిట్టా, అంచె మోయు జాబు

మండీలోని గుమాస్తా దీపము పెట్టిన పిమ్మట ఆనాటి జమాఖర్చులను చిట్టాకెక్కించును. నేటి సర్వరు అంతవఱకు ఆగక, ఎవరు లోనికి వచ్చిరి, ఎవరి పాస్‌వర్డు తప్పెను, ఏ డిస్కు నిండుచున్నది అను సంగతులను క్షణక్షణమును, తేదీతో వేళతో సహా వ్రాసికొనుచుండును. దీనికి లాగ్ అని పేరు. వ్రాయుట యంత్రమునకు శ్రమ కాదు. చదువువాడు లేకపోవుటయే చిక్కు. అర్ధరాత్రమున డిస్కు చెడిన యెడల ఆ సంగతి చిట్టాలో స్పష్టముగనే యుండును గాని, సంరక్షకుడు నిద్రలో నుండును. కావుననే ముఖ్యమైన పంక్తులను ఏరి ఈమెయిలుగా పంపు ఏర్పాటు కలిగినది.

వింత యేమనగా, సిస్‌లాగ్ అను ఈ చిట్టాపద్ధతి పుట్టినదే తపాలా కొఱకు. 1980 దశకమున అమెరికాలోని బర్కిలీలో, ఎరిక్ ఆల్మన్ ఈమెయిళ్లను చేరవేయు సెండ్‌మెయిల్ అను ప్రోగ్రామును నిర్మించుచు, దాని నడవడిని నమోదు చేయుటకై దీనిని కల్పించెను. తరువాత యూనిక్స్ కుటుంబమంతయు దానిని స్వీకరించెను. తపాలావాని కొఱకు పుట్టిన పుస్తకమును తుదకు తపాలావాడే మోయవలసి వచ్చెను!

జాబును సర్వరు తానే నేరుగా పంపరాదా యని అడుగవచ్చును. పంపవచ్చును, పుచ్చుకొనువారు నమ్మరు. దొంగజాబుల బెడద వలన, ఊరు పేరు తెలియని యంత్రము తలుపు తట్టినచో పెద్ద మెయిల్ సంస్థలు త్రోసిపుచ్చును. ఇంటర్నెట్ సంస్థలనేకము అట్టి జాబులు పోవు ద్వారమైన 25వ పోర్టును ముందే మూసివేయును. అందువలన సర్వరు తన జాబును పరువుగల మఱియొక మెయిల్ సర్వరునకు, సాధారణముగా 587వ పోర్టులో, పేరును పాస్‌వర్డును చెప్పి అప్పగించును. పూర్వము ఒక అంచె బంట్రోతు తరువాతి అంచెవానికి సంచి అందించినట్లే ఇదియు. ఆంగ్లమున రిలే యన్నను అదియే. పోస్ట్‌ఫిక్స్ అను ప్రోగ్రాములో దీనికి ముఖ్యముగా కావలసినది రిలేహోస్ట్ అను ఒక్క పంక్తి. అవతలివాడు పలుకకున్న యెడల పోస్ట్‌ఫిక్స్ జాబును వరుసలో నుంచి, మార్పు చేయనిచో ఐదు దినములు మరల మరల ప్రయత్నించి, పిమ్మట పంపినవానికే త్రిప్పి పంపును. ప్రతి అంచెయు జాబు నెత్తిన ఒక ముద్ర వేయును గనుక, దాని ప్రయాణమును క్రిందినుండి పైకి చదువవలెను. ఐతే ఎవరు తెచ్చినను మోయు రిలే, దొంగజాబులవారికి ధర్మసత్రమగును.

సిస్‌లాగ్ సంగతుల తీవ్రతను 0 మొదలు 7 వఱకు ఎనిమిది మెట్లుగా విభజించినది. 0 అనగా యంత్రమే నిరుపయోగమైనదని, 7 అనగా ప్రోగ్రాము వ్రాయువాని స్వంత గొణుగుడని. నా మట్టుకు, 2వ మెట్టు దాటినదేదియు జాబుగా రారాదు. పంక్తికొక జాబు వచ్చు చోట సంరక్షకుడు వారము తిరుగకమునుపే వానిని వేఱు ఫోల్డరులోనికి మళ్లించి, దానిని తెఱచుట మానివేయును, అది మానవస్వభావము.

ఇంతకన్న లోతైన చిక్కు మఱియొకటి కలదు. డిస్కు పూర్తిగా నిండినదను వార్తను జాబుగా వ్రాయుటకును అదే డిస్కులో చోటు కావలెను. నెట్‌వర్కు తెగినదను జాబు ఆ తెగిన నెట్‌వర్కు ఈవలనే పడియుండును. ఇది యెఱిగిన సంరక్షకులు కొందఱు, ప్రతి ఉదయమును సర్వరు "క్షేమము" అని ఒక చిన్న జాబు పంపునట్లు అమర్చికొందురు; ఆ జాబు రాని ఉదయమున వారు కాఫీ చల్లారుచున్నను లేచిపోవుదురు.