కందిలో పెక్కు గుణముల నొక్కచోట జేర్చుట

"ఎండు తెగులునకు లొంగని విత్తనమని చెప్పగా కొని వేసితిమి. చేను ఎండలేదు గాని కాయయు కాయలేదు. ఇదేమి మోసము?" అని మన సభ్యులలో కొందఱు మమ్ము అడుగుచున్నారు. విత్తన వ్యాపారములో మోసము లేదని మేము చెప్పబోము. కాని ఇట్టి పెక్కు పట్టుల విత్తనము ఆడిన మాట తప్పలేదు. అది ఒక తెగులును మాత్రమే ఆపగలదు; పొలమునకు వచ్చినది వేఱొకటి.

ఎండు తెగులును కలిగించు శిలీంధ్రము నేలలో, పాత కంది మోళ్ళను ఆశ్రయించి, కొన్ని సంవత్సరములు బ్రదికియుండును. వేళ్ళగుండ లోనికి జొచ్చి నీటి నాళములను మూసివేయును. పూతకో కాతకో వచ్చిన మొక్క నిలువున ఎండును. కాండమును చీల్చి చూచిన నల్లని చాఱలు కనబడును. వెఱ్ఱి తెగులు, అనగా గొడ్డుమోతు తెగులు, అట్టిది కాదు. అది వైరసు వలన కలుగును. కంటికి కానరాని యొక నల్లి దానిని మోయును. ఆ నల్లిని గాలి మోయును. ఆకులు చిన్నవై, లేతపసుపు మచ్చలు దేఱి, మొక్క పొదవలె గుబురుగా పెరుగును గాని పూయదు. దూరమునుండి చూచువానికి అది మంచి చేనుగనే తోచును. అందుచేతనే రైతు ఆలస్యముగా మేల్కొనుచున్నాడు.

1986లో కర్ణాటకమున మారుతి యను రకము విడుదలయ్యెను. ఎండు తెగులునకు అది చక్కగా నిలిచినది. వెఱ్ఱి తెగులునకు మాత్రము మిక్కిలి లోకువ. ఎంత లోకువ యనగా, వెఱ్ఱి తెగులు పరీక్షలలో తెగులు సరిగా సోకినదా లేదా యని తెలిసికొనుటకు మారుతినే నడుమ సాళ్ళలో వేయుచుందురు! 1993లో వచ్చిన ఆశ రకము రెండు తెగుళ్ళను తట్టుకొనగలిగెను. రెండును పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రమున పుట్టిన పనియే.

రెండు గుణములు కూర్చుటకు ఇంత కాలమేల? లెక్క చూడుడు. ఒక్కొక్క గుణము ఒక్కొక్క జన్యువు వలన వచ్చునని అనుకొందము. సంకరమునకు తరువాతి రెండవ తరములో, కోరిన గుణమును తప్పక తన సంతానమున కిచ్చు మొక్క నాలుగింట ఒకటి. రెండు గుణములు కావలెనన్న 16లో ఒకటి. మూడైన 64లో ఒకటి. ఆఱు గుణములు కోరితిమా, 4,096లో ఒకటి! దిగుబడి, పప్పు నాణ్యము వంటివి అనేక జన్యువుల చేతిలో నుండును గనుక నిజమైన లెక్క ఇంతకన్న కఠినము.

మంచి మొక్కను గుర్తించుట యెట్లు? తెగులు మోళ్ళను కలిపి రోగపు మడి సిద్ధపఱతురు. అందు బ్రదికినదే బ్రదికినది. వెఱ్ఱి తెగులునకైతే, నల్లి పట్టిన ఆకును లేత మొలక ఆకులకు, కాగితములు జతపఱచు తీగముక్కతో కుట్టివేయుదురు. పని చిన్నదే కాని వేలకొలది మొలకలకు చేయవలెను. 2011లో ఆశ రకపు జన్యుపటము ప్రకటింపబడినది. అందు 48,680 జన్యువులను లెక్కించిరి. దానివలన ఆకుముక్కను పరీక్షించియే కొన్ని గుణములను పసిగట్టు వీలు హెచ్చినది. అయినను రోగపు మడి అవసరము తీఱలేదు. బెంగుళూరు ప్రాంతపు వైరసు పటాన్‌చెరువు వైరసుకన్న తీవ్రమైనది. ఇచట నిలిచిన రకము అచట నిలుచునని పూచీ లేదు.

కాయతొలుచు పురుగు సంగతి మఱియు చిక్కు. కజానస్ స్కారబియాయిడిస్ అను అడవి కంది కాయలపై నూగు దట్టముగా నుండుటచే శనగపచ్చ పురుగు పిల్లలకు తొలుచుట కష్టము. కాని దానితో సంకరము చేసిన, తీగవలె ప్రాకుట, గింజ సన్నగిల్లుట మొదలగునవి నూగుతోపాటు దిగును. వానిని తఱుముటకు తరములు పట్టును. పోనీ, త్వరగా కోతకు వచ్చు రకము వేసి బెట్టను తప్పించుకొందమన్న, గుత్తులుగా కాయు పొట్టి రకములలో మారుకా మచ్చల పురుగు హెచ్చు. కొమ్మలు సాగు దీర్ఘకాలపు రకములో మొదటి పూత పోయినను తేమ యున్నచో మరల పూయును. ఒకటి కొనిన నొకటి ఇచ్చుకొనవలసి యున్నది.

ఇంత శ్రమతో కూర్చినది మన చేలలో రెండు మూడేండ్లకే చెదరుటకు తేనెటీగ చాలును. కంది స్వయముగా ఫలించునదే కాని, ఈగల రాకను బట్టి నూటికి 20 వఱకు, ఒక్కొక్కచోట అంతకు మించియు, పరాయి పుప్పొడితో కట్టును. పొరుగున వేఱు రకముండగా మన గింజనే విత్తనముగా దాచుకొన్న, పేరు మిగులును, గుణము మిగులదు. విత్తనమునకు విడుచు మడికి చుట్టును కనీసము 100 మీటర్లలో వేఱొక కంది లేకుండ చూచుకొనవలయును. చిన్న కమతములలో ఒక్కనికిది సాధ్యము కాదు. ఒకే గట్టున నున్న సభ్యులు కలిసి ఒకే రకము వేసికొన్న సాధ్యము.

కావున విత్తనము కొఱకు వ్రాయువారు "మంచి కంది" యని మాత్రము వ్రాయక, పోయిన రెండేండ్లలో మొక్క యెండినదా, పూయక పచ్చగా నిలిచినదా, నేల నల్లదా యెఱ్ఱదా, ఇరుగుపొరుగు చేలలో నున్న రకమేది యను నాలుగు సంగతులు తెలుపవలెను. ఎండిన మొక్క ఉన్నచో కాండమును చీల్చి చూచి మఱి వ్రాయుడు.