4.3 స్పార్క్ ప్లగ్ పరిశీలనతో టూ-స్ట్రోక్ ఇంజన్ మిశ్రమాన్ని సరిచేయడం

ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు రీత్యా సుమారు 14.7 వంతుల గాలి కావాలి. ఈ నిష్పత్తి కంటే పెట్రోలు ఎక్కువైతే రిచ్ మిశ్రమం అనీ, తక్కువైతే లీన్ మిశ్రమం అనీ అంటారు. సిలిండర్ లోపల జరిగే దహనం మనకు కనిపించదు. దాని ఆనవాళ్లు మాత్రం స్పార్క్ ప్లగ్‌లోని పింగాణీ ఇన్సులేటర్ మీద మిగులుతాయి.

4.3.1 లీన్ మిశ్రమం వల్ల ప్రమాదం

పాత బజాజ్ చేతక్ స్కూటర్లలోనూ, పొలాల్లో మందు కొట్టే అనేక పవర్ స్ప్రేయర్లలోనూ ఆయిల్‌ను పెట్రోలులోనే కలుపుతారు. కాబట్టి పెట్రోలు తగ్గితే పిస్టన్‌కు అందే ఆయిల్ కూడా తగ్గుతుంది. అదే సమయంలో వేడి పెరుగుతుంది. చివరకు పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. దీనినే సీజ్ కావడం అంటారు. రిచ్ మిశ్రమం వల్ల పొగ, మసి వస్తాయి, శక్తి తగ్గుతుంది. కానీ ఇంజన్‌కు వెంటనే ముప్పు ఉండదు. అందువల్ల సర్దుబాటును ఎప్పుడూ రిచ్ వైపు నుంచే ప్రారంభించాలి.

4.3.2 పరీక్షించే విధానం

ఇంజన్ వేడెక్కిన తరువాత, తయారీదారు సూచించిన హీట్ రేంజ్ గల కొత్త ప్లగ్ బిగించండి. వాహనాలు తిరగని తిన్నని రోడ్డుపై ఫుల్ థ్రాటిల్‌లో కొంత దూరం నడపండి. థ్రాటిల్ తగ్గించకుండానే ఒకేసారి క్లచ్ నొక్కి, ఇగ్నిషన్ ఆపండి. బండి ఆగాక, చల్లారనిచ్చి ప్లగ్ తీయండి. ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలును ప్రధానంగా నియంత్రించేది మెయిన్ జెట్. కాబట్టి ఈ పరీక్ష మెయిన్ జెట్ సైజు సరైనదో కాదో తెలుపుతుంది.

4.3.3 ప్లగ్ తెలిపే విషయాలు

అ) లేత గోధుమ రంగు: మిశ్రమం సరిగా ఉంది.
ఆ) పొడిగా ఉన్న నల్లని మసి: రిచ్ మిశ్రమం. ముందుగా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి.
ఇ) తడిగా, జిడ్డుగా ఉన్న నలుపు: ఆయిల్ ఎక్కువైంది, లేదా స్పార్క్ బలహీనంగా ఉంది.
ఈ) తెల్లగా మారి, బొబ్బలు కట్టిన ఇన్సులేటర్: లీన్ మిశ్రమం, లేదా అధిక వేడి. జెట్ మార్చే ముందు కార్బురేటర్ జాయింట్లలో, క్రాంక్‌కేస్ సీళ్లలో గాలి లీకేజీ ఉందేమో పరీక్షించండి.
ఉ) మెరిసే అల్యూమినియం చుక్కలు: పిస్టన్ దెబ్బతింటోంది. ఇంజన్‌ను ఇక నడపరాదు.

ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేసి, మళ్లీ పరీక్షించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఫుల్ థ్రాటిల్‌లో నడిపిన తరువాత ఇంజన్‌ను రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ప్లగ్ తీస్తే, అది నల్లగా ఉంది. మెయిన్ జెట్ సైజు తగ్గించవచ్చా?

జవాబు: తగ్గించకూడదు. ఆ నలుపు ఐడ్లింగ్ మిశ్రమం వల్ల ఏర్పడి ఉండవచ్చు. దానిని చూసి జెట్ తగ్గిస్తే, ఫుల్ థ్రాటిల్‌లో మిశ్రమం లీన్ అయి ఇంజన్ సీజ్ కావచ్చు.