పేరొకరిది, రూపం మరొకరిది

బోస్టన్‌లో నార్త్ స్క్వేర్ దగ్గర పాల్ రెవియర్ ఇల్లని ఒక పాత చెక్క ఇల్లుంది. అమెరికా వెళ్లినప్పుడు చూశాను. లావుపాటి దూలాల మీద నిలిచిన కట్టడం. పై అంతస్తు కింది గోడకంటే వీధిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. సీసపు బద్దెల్లో బిగించిన చిన్న చిన్న గాజుబిళ్లల కిటికీలు. చూడముచ్చటైన ఇల్లే. కాని లోపల తిరుగుతున్నకొద్దీ నన్నొక ప్రశ్న వేధించింది: ఇది ఎవరి ఇల్లు?

1676 అగ్నిప్రమాదంలో కాలిపోయిన మతగురువు ఇంటి స్థలంలో, 1680 ప్రాంతంలో దీన్ని కట్టారు. మొదటి యజమాని రాబర్ట్ హోవార్డ్, బానిసల వ్యాపారం చేసిన సంపన్నుడు. వెండి పనివాడైన రెవియర్ దీన్ని కొన్నది 1770లో, అమ్మింది 1800లో. ఆయన దగ్గర ఉన్నది ముప్పయ్యేళ్లే. ఆ తర్వాత నూరేళ్లు ఇది అద్దె కొంప. నావికులు, పొట్ట చేతబట్టుకుని వలస వచ్చిన కుటుంబాలు ఇక్కడ తలదాచుకున్నారు. కింది భాగంలో మిఠాయి కొట్టు, చుట్టల కార్ఖానా, ఇటాలియన్ల బ్యాంకు, కూరగాయల దుకాణం నడిచాయి.

రెవియర్‌ను జాతీయ వీరుణ్ణి చేసింది ఒక కవిత. 1775 ఏప్రిల్ 18 రాత్రి బ్రిటిష్ సైన్యం కదిలిందని ఆయన గుర్రమెక్కి హెచ్చరిక మోసుకెళ్లిన మాట నిజమే. డావ్స్, ప్రెస్కాట్ అనే మరిద్దరు కూడా ఆ పనిలో ఉన్నారు. కాంకర్డ్ చేరకముందే రెవియర్ పట్టుబడ్డాడు, చేరినవాడు ప్రెస్కాట్. 1861లో అచ్చయిన లాంగ్‌ఫెలో కవితలో రెవియర్ ఒక్కడే స్వారీ చేసి కాంకర్డ్ దాకా వెళ్తాడు. కవికి ఆ స్వేచ్ఛ లేదని నేననను. కాని ఆ కవిత చదివి పెరిగిన తరాలకు మిగతా ఇద్దరూ లేకుండా పోయారు.

పునరుద్ధరణలో జరిగిందీ దాదాపు ఇదే. కూల్చివేత తప్పించడానికి రెవియర్ మునిమనవడు 1902లో ఈ ఇల్లు కొన్నాడు. అందుకు మెచ్చుకోవాల్సిందే. అతనా పని చెయ్యకపోతే ఇవాళ చూడటానికి ఏమీ ఉండేది కాదు. జోసెఫ్ చాండ్లర్ అనే వాస్తుశిల్పి చేతుల్లో మరమ్మతు పూర్తయి, 1908 ఏప్రిల్‌లో ఇల్లు మ్యూజియంగా తెరుచుకుంది. దుకాణాలు తీసేశారు. తర్వాత చేర్చిన మూడో అంతస్తునూ తీసేసి, 1680 నాటి రూపం మళ్లీ నిలబెట్టారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. రెవియర్ కాపురమున్నప్పుడు ఈ ఇంటికి ముందువైపు మూడంతస్తులుండేవి! అంటే పనివాడి పేరు పెట్టి వర్తకుడి ఇంటిని నిలబెట్టారన్నమాట. కింది హాల్లో సామాను కూడా హోవార్డ్ కాలం తరహాదే, రెవియర్ కాలం పై గదుల్లో కనిపిస్తుంది. దూలాలు, రెండు తలుపులు, మూడు కిటికీ చట్రాలు, నేలపలకల్లో కొన్ని పాతవేనట. ఆ నేలపలకల మీద నేను కాసేపు నిలబడ్డాను. అద్దె కట్టి బతికినవాళ్లు నడిచిందీ వాటిమీదే. వాళ్ల దుకాణాల బోర్డులు ఇప్పుడు పాత ఫొటోల్లోనే ఉన్నాయి.