పాకాల బస్సు మార్గం: మారిన నిర్వాహకులు, మారని బాధ్యత

(ప్రత్యేక వ్యాసం)

తిరుపతికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాకాల రైల్వే జంక్షన్‌గా సుప్రసిద్ధం. కాట్పాడి, తిరుపతి, ధర్మవరం రైలు మార్గాలు ఇక్కడ కలుస్తాయి. అయితే స్టేషనుకు దూరంగా ఉన్న పల్లెల ప్రజలకు బస్సే ఆధారం. దామలచెరువు మామిడి మార్కెట్టుకు వచ్చే రైతుకైనా, తిరుపతి కళాశాలలకు వెళ్లే విద్యార్థికైనా చివరి బస్సు ఎన్ని గంటలకన్నదే ముఖ్యం. ఆ బస్సును ఎవరు నడపాలన్న విషయం మాత్రం కాలానుగుణంగా వివిధ చట్టాల ద్వారా నిర్ణయమవుతూ వచ్చింది.

ప్రైవేటు యజమానుల కాలం

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా నాటి మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగం. ఆ రాష్ట్రంలో తొలినాటి మోటారు బస్సులు ప్రైవేటు యజమానులవే. రైలుకు, రోడ్డుకు మధ్య పెరిగిన పోటీపై 1933లో మిచెల్–కిర్క్‌నెస్ నివేదిక వెలువడింది. 1939 మోటారు వాహనాల చట్టం పర్మిట్ల విధానాన్ని పటిష్ఠపరచింది. రూటు, సమయం, బస్సుల సంఖ్యలపై ప్రాంతీయ రవాణా అధికార సంస్థకు అధికారం సంక్రమించింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు కొరత వలన బొగ్గు గ్యాసుతో కూడా బస్సులు నడిచాయి.

జాతీయీకరణ, న్యాయస్థానాల తీర్పులు

1932 జూన్‌లో నిజాం రాష్ట్రంలో 27 బస్సులతో ప్రారంభమైన ప్రభుత్వ రవాణా వ్యవస్థ, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా రూపొందింది. కోస్తా, రాయలసీమ జిల్లాలలో అప్పటికి ప్రైవేటు బస్సులే అధికం. వాటి రూట్లను స్వాధీనం చేసుకోవడానికి మోటారు వాహనాల చట్టంలో 1956లో చేర్చిన నాలుగు–ఎ అధ్యాయం ఆధారమైంది. సమర్థమైన, తగినంతైన, పొదుపైన, సమన్వయం గల సేవ కొరకు మాత్రమే రూటును స్వాధీనపరచుకోవాలని ఆ అధ్యాయం నిర్దేశించింది. పథకాన్ని ముందుగా ప్రకటించి, అభ్యంతరాలకు 30 రోజుల గడువునిచ్చి, విచారణ జరపాలి. రద్దైన పర్మిట్టుకు మిగిలిన గడువులో ప్రతి పూర్తి నెలకు 200 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి.

ఈ ప్రక్రియ సాఫీగా సాగలేదు. కృష్ణా జిల్లా పథకాన్ని 1958 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అభ్యంతరాలను ఒకరు విని, మరొకరు నిర్ణయం చేయడం సరైన విచారణ కాదని పేర్కొన్నది. కర్నూలు జిల్లా పథకాలు కూడా 1964 జనవరిలో చెల్లకుండా పోయాయి. ఆ తీర్పు దరిమిలా ఫిబ్రవరిలో నాటి ముఖ్యమంత్రి శ్రీ నీలం సంజీవరెడ్డి పదవికి రాజీనామా చేశారు. బస్సు పర్మిట్టు ఎంతటి ప్రజా ప్రాధాన్యం గల అంశమో ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

తిరుపతి ప్రాంతంలో మరొక మార్పు 1975లో చోటుచేసుకున్నది. అంతవరకు తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహించిన కొండ బస్సులు ఆర్.టి.సి. పరిధిలోకి వచ్చాయి.

అద్దె బస్సులు, ప్రజా రవాణా శాఖ

తదుపరి కాలంలో అద్దె బస్సుల విధానం అమలులోకి వచ్చింది. ఇందులో బస్సు, డ్రైవరు యజమానివి. రూటు, టికెట్టు రాబడి సంస్థవి. నడిచిన కిలోమీటర్లను బట్టి యజమానికి చెల్లింపు ఉంటుంది. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్ రోడ్డుపై ప్రారంభమైన విద్యుత్ బస్సులకు కూడా కిలోమీటరు ప్రాతిపదికే వర్తించింది. బస్సు మీద సంస్థ పేరు ఉన్నంత మాత్రాన దాని యాజమాన్యం సంస్థదేనని భావించరాదు.

రాష్ట్ర విభజన అనంతరం 2015లో ఆర్.టి.సి. కార్యకలాపాలు రెండుగా విడివడ్డాయి. 2020 జనవరి 1 నుండి సంస్థ ఉద్యోగులు ప్రభుత్వ ప్రజా రవాణా శాఖలో విలీనమయ్యారు. సంస్థ మాత్రం రద్దు కాలేదు. 2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ సహా ఐదు రకాల బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం ప్రారంభమైంది.

పల్లె ట్రిప్పు భారం

1950 రోడ్డు రవాణా సంస్థల చట్టం ప్రకారం సంస్థ వ్యాపార సూత్రాలపై నడవాలి. పల్లెకు వెళ్లే తొలి, చివరి ట్రిప్పులలో సీట్లు తరచుగా నిండవు. ప్రైవేటు యజమాని అయితే అటువంటి ట్రిప్పును వదులుకోవడానికే మొగ్గు చూపుతాడు. ప్రభుత్వ సంస్థ రద్దీ రూట్ల రాబడితో ఆ లోటును పూడ్చుకోవాలి. రద్దీ రూట్లు చేజారితే పల్లె బస్సుకు ఆధారం తగ్గుతుంది. జాతీయీకరణ వివాదాల వెనుక ఉన్న ఆర్థిక కారణాలలో ఇది ముఖ్యమైనది.

పాకాల విషయంలో 2022 ఏప్రిల్ 4 మరొక మలుపు. ఆనాడు ఏర్పడిన తిరుపతి జిల్లాలో పాకాల మండలం చేరింది. అంతవరకు కలెక్టరు కార్యాలయ పనులకు చిత్తూరు వెళ్లిన ప్రజలు తిరుపతి వైపు ప్రయాణించవలసి వచ్చింది. జిల్లా కేంద్రం మారినప్పుడు, ఉదయం కార్యాలయ వేళకు చేరి సాయంత్రం పల్లెకు తిరిగి వచ్చే విధంగా బస్సు వేళలు కూడా మారడం అవసరం. నిర్వాహకులు ఎవరైనప్పటికీ, సమర్థత, తగినంత సేవ, పొదుపు, సమన్వయం అనే నాలుగు ప్రమాణాలు 1988 మోటారు వాహనాల చట్టంలోనూ కొనసాగుతున్నాయి. పాకాల మార్గంలో సమయ పట్టికలను సమీక్షించే అధికారులకు, ఆ సేవలను పరిశీలించే పాత్రికేయులకు ఇవే కొలమానాలు.