77 శాతం, కొన్ని గిన్నెలు

పోయిన సెమిస్టర్ వక్తృత్వ పోటీలో నా టాపిక్ ‘విచారణ ఖైదీలు’. 2021 చివరికి మన దేశం జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 77 మందికి శిక్షే పడలేదు, కేసు ఇంకా తేలలేదు. ఈ నంబర్ చెప్తే హాలంతా ఉలిక్కిపడుతుందనుకున్నా. ముందు వరుసలో ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. ప్రైజ్ సంగతి అడక్కండి.

తర్వాత ఒక వీడియో చూశాను. 2022 నవంబర్ 26, రాజ్యాంగ దినోత్సవం, ఢిల్లీలో సుప్రీంకోర్టు సభ. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రాసుకొచ్చిన ఇంగ్లీష్ ప్రసంగం ముగించి, హిందీలో మాట్లాడటం మొదలుపెట్టారు. టాపిక్ నాదే! మరి ఆవిడ ఎలా ఒప్పించారు?

మొదట, తన ఊరి గురించి చెప్పారు. తమ పల్లెలో టీచర్నీ, డాక్టర్నీ, లాయర్నీ దేవుళ్లలా చూసేవాళ్లట. హాల్లో ఉన్నది ఎవరు? జడ్జిలు, లాయర్లు. ఒక్క మాట అనకుండానే వాళ్ల బాధ్యత గుర్తుచేశారన్నమాట. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు జైళ్లకి వెళ్లి చూసిన సంగతీ చెప్పారు. అంటే విన్నది కాదు, చూసింది.

రెండోది, ఒక ఇల్లు చూపించారు. చిన్న గొడవలకే ఏళ్ల తరబడి లోపల ఉన్నవాళ్లని ఇంట్లోవాళ్లే ఎందుకు విడిపించుకోరు? కేసు నడపాలంటే ఇల్లూ, గిన్నెలూ అమ్ముకోవాలి కాబట్టి. ‘గిన్నెలు’ దగ్గర నేను వీడియో ఆపేశాను. నా ప్రసంగంలో ఒక్క గిన్నె కూడా లేదు.

మూడోది, ప్రశ్న. జైళ్లు నిండిపోయాయి, ఇంకా కట్టాలంటున్నారు; దేశం ముందుకెళ్తుంటే జైళ్లు తగ్గాలి కదా? దీనికి ఎవరు కాదంటారు? చివరికి, తాను చెప్పలేకపోయింది కూడా అర్థం చేసుకోమని వాళ్లకే వదిలేశారు.

మూడు రోజుల తర్వాత, నవంబర్ 29న, సుప్రీంకోర్టు బెంచ్ ఆ ప్రసంగాన్ని ప్రస్తావించింది. బెయిల్ వచ్చినా షరతులు తీర్చలేక జైల్లోనే ఉండిపోయినవాళ్ల వివరాలు 15 రోజుల్లో ఇమ్మని జైళ్లని ఆదేశించింది.

కానీ ఇక్కడ ఒక జాగ్రత్త. ఇవే పద్ధతులతో దీనికి పూర్తి వ్యతిరేకంగా కూడా ఒప్పించొచ్చు. ఒక ఘోరం కళ్లకు కట్టినట్టు చెప్పి, “వీళ్లకి విచారణ ఎందుకు?” అని అడిగితే మనమే చప్పట్లు కొడతాం. స్కూల్లో ఉన్నప్పుడు అలాంటి వీడియో నేనూ స్టేటస్‌గా పెట్టాను. పట్టుబడిన మనిషే నేరం చేశాడా అన్న డౌటు కూడా రాలేదు.

అందుకే ఇప్పుడు ఏ ప్రసంగం విన్నా, కళ్లలో నీళ్లు తిరిగాక ఒక ప్రశ్న వేసుకుంటున్నా: ఇలాంటివాళ్లు నిజంగా ఎంతమంది? ఆ గిన్నెల వెనక నా 77 ఉంది. నంబర్ తప్పు కాదు, నేను దాన్ని ముందే చెప్పేశాను. వచ్చే పోటీలో గిన్నెల తర్వాత చెప్తాను.