సునామీ ఊడ్చినా... చెదరని నత్తల జన్యు సంపద

కాకినాడ: పోటు తగ్గి నీరు వెనుదిరిగిన వేళ కోరింగ మడ అడవుల అంచున నిలబడితే, బురదపై నెమ్మదిగా పాకే పొడవాటి గుల్లల నత్తలు లెక్కకు మించి కనిపిస్తాయి. చూసేవారికి అవి అల్పజీవులు. అయితే సముద్రం విరుచుకుపడినప్పుడు ఒక తీరం ఏమి కోల్పోతుంది, ఏమి దక్కించుకుంటుంది అన్న ప్రశ్నకు జపాన్‌లో ఇటువంటి బురద నత్తలే సమాధానం చెప్పాయి. 2011 మార్చి 11న ఆ దేశ ఈశాన్య తీరాన్ని సునామీ ముంచెత్తడానికి ఆరేళ్ల ముందు నుంచే శాస్త్రజ్ఞులు అక్కడి నత్తల వివరాలు సేకరిస్తూ ఉండటం ఇందుకు తోడ్పడింది.

డింభక దశ లేని జీవి

ఈ నత్త శాస్త్రీయ నామం బటిల్లారియా అట్రమెంటారియా. గుల్ల పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు. జపాన్, కొరియా తీరాల్లోని బురద నేలలు దీని స్వస్థలం. బురదపై పేరుకునే డయాటమ్‌లనే సూక్ష్మజీవులే దీని ప్రధాన ఆహారం.

సముద్ర నత్తల్లో అనేక జాతులు పుట్టిన తొలి రోజుల్లో డింభకాలుగా నీటిలో తేలుతూ, ప్రవాహాల వెంట దూర తీరాలకు చేరుకుంటాయి. ఈ జాతికి ఆ దశ లేదు. గుడ్డు నుంచి వెలువడిన పిల్ల నేరుగా బురదపైనే పాకడం మొదలుపెడుతుంది. అందువల్ల ఒక తీరంలో పుట్టిన నత్తల సంతతి సాధారణంగా ఆ తీరానికే పరిమితమవుతుంది.

ఈ ముద్ర జన్యువుల్లోనూ కనిపిస్తుంది. తల్లి నుంచి సంతానానికి సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్ఏను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, జపాన్ దీవుల చుట్టూ ఈ నత్తల్లో రెండు ప్రధాన వంశశాఖలు ఉన్నట్లు 2004లో వెల్లడించారు. ఒకటి కురోషియో ప్రవాహం సాగే పసిఫిక్ వైపు, మరొకటి సుషిమా ప్రవాహం సాగే జపాన్ సముద్రం వైపు విస్తరించాయి.

మహాసముద్రం దాటించిన మనిషి

ఇంతగా కదలని ఈ నత్త అమెరికా, కెనడా పశ్చిమ తీరాల్లోనూ కనిపించడం విశేషం. 20వ శతాబ్దం ప్రథమార్ధంలో పెంపకం కోసం జపాన్ నుంచి ఓడల్లో పంపిన ఆల్చిప్పల పిల్లలతో పాటు ఇది కూడా తరలిపోయింది. అమెరికా నత్తల డీఎన్ఏ, ఆల్చిప్పల ఎగుమతికి పేరొందిన మియాగి ప్రాంతపు నత్తలతో సరిపోలుతున్నట్లు 2006లో తేలింది. కాలిఫోర్నియాలోని కొన్ని ఉప్పుటేర్లలో ఇది స్థానిక నత్త జాతిని వెనక్కి నెట్టి ఆ చోటును ఆక్రమించింది.

సంఖ్య తగ్గినా వైవిధ్యం పదిలం

2011లో సునామీ తాకిడికి తీవ్రంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో మియాగి ఒకటి. 2005 నుంచి 2015 వరకు ఈ తీరంలో నత్తల సాంద్రతను, గుల్లల పరిమాణాన్ని, డీఎన్ఏను పరిశీలించిన ఒసాము మియురా బృందం ఫలితాలను 2017లో ప్రకటించింది. సునామీ తాకిన చోట్ల తరువాతి తరానికి జన్యువులను అందించగల నత్తల సంఖ్య 60 నుంచి 99 శాతం వరకు పడిపోయినట్లు అంచనా వేశారు. అయినప్పటికీ జన్యు వైవిధ్యం చెప్పుకోదగినంతగా తగ్గకపోవడం గమనార్హం.

ఇది ఎలా సాధ్యం? అనేక రకాల వడ్లు కలిసిన గాదె వరదలో కొట్టుకుపోయినా, రెండు బస్తాల గింజలు మిగిలితే దాదాపు అన్ని రకాలూ వాటిలో దొరుకుతాయి. పిడికెడే మిగిలితే మాత్రం అరుదైన రకాలు అంతరిస్తాయి. బతికిన నత్తలు స్వల్పమే అయినా, మునుపటి సంపదను నిలబెట్టడానికి సరిపోయాయన్నమాట. వేడిమి, ఉప్పదనం, వ్యాధులు మారినప్పుడు తట్టుకునే గుణం ఏ నత్తలో ఉందో ముందుగా తెలియదు. అందుకే ఈ వైవిధ్యమే జాతికి బీమా. ఆ తీరాన్ని 500 నుంచి 800 ఏళ్లకొకసారి ఇటువంటి సునామీలు తాకుతూ వచ్చినా నత్తలు నిలిచి ఉండటంలో దీని పాత్ర కీలకం కావచ్చని పరిశోధకుల అభిప్రాయం.

అయితే ఈ బీమా శాశ్వతం కాదు. సంఖ్య అనేక తరాల పాటు తక్కువగానే ఉండిపోతే వైవిధ్యం క్రమేణా హరించుకుపోతుంది. నత్తలు మళ్లీ పెరగాలంటే వాటికి బురద నేల మిగలాలి.

మన తీరానికీ పాఠమే

2004 డిసెంబర్ 26 నాటి సునామీ ఆంధ్ర తీరాన్నీ తాకింది. కాకినాడ అఖాతంలో విస్తారంగా కనిపించే పిరెనెల్లా సింగులేటా నత్తకు తేలియాడే డింభక దశ ఉంది. అందువల్ల ఒకచోట నశించినా మరోచోటి నుంచి వచ్చి చేరే అవకాశం దీనికి ఉంది. జపాన్ నత్తకు అదీ లేదు. కానీ వచ్చి చేరడానికైనా, మిగిలి పెరగడానికైనా రెండింటికీ కావలసింది ఒక్కటే... పోటుపాట్లు తాకే బురద నేల. అల వచ్చి వెళ్లిపోతుంది. చెరువులుగా తవ్విన నేల, మట్టి నింపి చదును చేసిన నేల మాత్రం తనంతట తాను తిరిగి రాదు.